మొగిలి ఘాట్‌లో దారి మార్చిన గాలి: ఒక 1969 ఇంపాలా ఏసీ వాక్యూమ్ పైపుల కేస్ స్టడీ

మే నెల రెండో వారం. తిరుపతిలో ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట బానెట్ మీద చెయ్యి పెట్టలేం. రేణిగుంట రోడ్డులో మా షెడ్డు ముందుకు అయిదున్నర మీటర్ల పొడవున్న బండి ఒకటి మెల్లగా వచ్చి ఆగింది. 1969 మోడల్ షెవర్లే ఇంపాలా, ఎడమవైపు స్టీరింగ్, 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్, అంటే 5.7 లీటర్లు. పక్కనున్న టీ అంగడి ఖాళీ అయిపోయింది, జనమంతా బండి చుట్టూ చేరారు.

బండి యజమానిది బంగారుపాళెం పక్కన పల్లె. తోతాపురి తోటలున్నాయి. ఆయన నాన్నగారు డెబ్బైల్లో మద్రాసులో కొన్న కారు ఇది. ఎంబసీల వాళ్ళు వాడి వదిలేసిన విదేశీ కార్లను అప్పట్లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మేవారు. ఇదీ ఆ దారినే వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారట. ఏసీ కంపెనీ నుంచి వచ్చిందే, తర్వాత బిగించింది కాదు.

ఆయన చెప్పిన సమస్య విని మా కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. "తమ్ముడూ, చిత్తూరు నుంచి పలమనేరు పొయ్యేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుతాం గదా. ఎక్కతా ఉంటే మొగానికొచ్చే గాలి ఉన్నట్టుండి ముందద్దానికి పోతాండాది. పైకెక్కి కాలు తీస్తే మళ్ళీ మొగానికే వస్తాండాది. కొండ మీద గాలి పలచనగదా, అందుకనేమో?"

ఇంకో రెండు కూడా చెప్పారు. ఏసీ వేసినా కాళ్ళ దగ్గర వేడి తగ్గదు. లీవర్‌ను ఏసీ నుంచి హీటర్‌కు జరిపితే గాలి వెంటనే మారదు, రెండు మూడు నిమిషాలు ఆగి మారుతుంది. గేర్లు ఆలస్యంగా, దబ్‌మని మారుతున్నాయన్నది వెళ్ళబోతూ గుర్తొచ్చి చెప్పారు. "అది వేరే సంగతిలే, గేర్‌బాక్స్ విప్పాలని చెప్పినారు." అది వేరే సంగతి కాదని నాకూ అప్పటికి తెలియదు.

అంతకుముందు మూడు చోట్ల చూపించారు. మూడు చోట్లా గ్యాస్ నింపారు. మా వృత్తిలో ఇదొక జబ్బు. ఏసీ చల్లగా లేదనగానే చెయ్యి గ్యాస్ సిలిండర్ మీదికే పోతుంది.

గ్యాస్ సంగతి ముందే తేల్చేశాను. ఈ కార్లు పుట్టినప్పుడు వాడింది ఆర్-12, ఓజోన్ పొరను తినే సీఎఫ్‌సీ రకం గ్యాస్. ఆస్తమా ఇన్‌హేలర్లకు కావలసింది తప్ప సీఎఫ్‌సీల తయారీ మన దేశంలో 2008 ఆగస్టుతో ఆగిపోయింది. ఈ బండిని కూడా ఎవరో ఎప్పుడో ఆర్-134ఎకి మార్చారు. గేజీలు పెడితే ఒత్తిడి పీఎస్ఐ లెక్కన లో సైడ్ 38, హై సైడ్ 240. ఆ ఎండకు ఏ తప్పూ లేదు. కంప్రెసర్ పాతకాలపు ఇనుప దిమ్మ. ఎత్తాలంటే ఇద్దరు కావాలి గానీ పనిలో మాత్రం నిక్కచ్చి. చల్లదనం పుడుతోంది. పుట్టిన చల్లదనం మనిషి దగ్గరికి రావడం లేదు, అంతే తేడా.

ఈ తరం మెకానిక్‌ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పటి కార్లలో డ్యాష్‌బోర్డ్ లోపల గాలి దారి మార్చే ఫ్లాపులను చిన్న కరెంటు మోటార్లు తిప్పుతాయి, లేదంటే కేబుల్ లాగుతుంది. ఆ కాలపు పెద్ద అమెరికన్ కార్లలో ఆ పని ఇంజన్ లాగుడుతోనే జరిగేది. కొబ్బరి బోండాం స్ట్రా నోట్లో పెట్టుకుని, రెండో చివర వేలితో మూసి పీల్చి చూడండి. బుగ్గలు లోపలికి పోతాయి. వేలు తీస్తే ఆ లాగుడు పోతుంది. కార్బురేటర్ కింద జరిగేదీ ఇదే. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు గాలిని వదిలే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది, పిస్టన్లు పీలుస్తాయి, మానిఫోల్డ్ అనే గాలి గొట్టంలో ఈ లాగుడు, అంటే వాక్యూమ్, పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా నడిచేటప్పుడు, పాదరసం లెక్కన 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. కాలు నేలకు తొక్కితే ముల్లు సున్నాకు దగ్గరపడుతుంది.

ఈ వాక్యూమ్ సన్నటి పైపుల గుండా డ్యాష్ వెనకున్న డయాఫ్రం డబ్బీలకు వెళ్తుంది. మేం వాటిని డబ్బీలనే అంటాం. లాగుడు అందితే లోపలి రబ్బరు ముడుచుకుని కడ్డీని లాగుతుంది, ఫ్లాపు తిరుగుతుంది. లాగుడు పోతే స్ప్రింగు ఫ్లాపును వెనక్కి తెస్తుంది. వెనక్కి వచ్చిన ఫ్లాపు గాలిని పంపేది ముందద్దం మీదికి. మంచు దేశం ఇంజనీర్ల ఆలోచన అది. ఏం పాడైనా అద్దం మాత్రం మసకబారకూడదు. బంగారుపాళెంలో అద్దం మీద మంచు ఎప్పుడు పడాలి! కానీ బండికి ఆ సంగతి తెలియదు.

మరి ఘాట్ ఎక్కిన ప్రతిసారీ గాలి దారి మారిపోకుండా కంపెనీ వాడు రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి వన్‌వే వాల్వ్, రెండోది వాక్యూమ్ నిల్వ చేసే ట్యాంకు. ఇంజన్ బాగా లాగేటప్పుడు ట్యాంకు నిండుతుంది. ఇంజన్ లాగుడు తగ్గినప్పుడు వాల్వ్ మూసుకుని ఆ నిల్వను కాపాడుతుంది. ఈ రెంటిలో ఒకటి పోయినా లక్షణం సరిగ్గా ఆయన చెప్పినట్టే ఉంటుంది.

రోడ్డు మీద కొలత

ఆయన చెప్పిన కొండగాలి కారణాన్ని కొట్టిపారేయలేదు. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒక అంగుళం వాక్యూమ్ తగ్గే మాట నిజమే. కానీ చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య ఎత్తు తేడా సుమారు 350 మీటర్లు. దానికి పోయేది ఒక అంగుళం, కాస్త అటూ ఇటూ. ఒక్క అంగుళానికి ఫ్లాపు తిరగదు.

లెక్క నోటితో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే మానిఫోల్డ్ నుంచి పొడవాటి పైపు తీసి, బానెట్ సందులోంచి లోపలికి తెచ్చి, గేజీని డ్యాష్ మీద టేపుతో అంటించాను. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున మొగిలికే వెళ్ళాం. బంగారుపాళెంలో బండి నిలబెడితే ఐడిల్‌లో 15 చూపించింది, ముల్లు వణుకుతోంది. ఆ వణుకూ మంచిది కాదు, ఆ అంకే తక్కువ. చదును రోడ్డు మీద 14, 15. ఘాట్ మొదలై సగం థ్రాటిల్ తొక్కగానే 6. మొహానికి వచ్చే గాలి సన్నబడి, చిన్న 'టప్' శబ్దంతో అద్దానికి మళ్ళింది. లారీని దాటడానికి పూర్తిగా తొక్కితే 2. కాలు తీసేశాను. ముల్లు 17 దాకా లేచింది, గాలి మొహానికి వచ్చింది. ఎత్తు మారలేదు, అదే మలుపులోనే ఉన్నాం.

ఆయన గేజీ వంక, నా కాలి వంక చూశారు. "అయితే కొండ కాదప్పా, కాలు" అన్నారు.

పైపులు ఎటు పోతున్నాయి

ఈ బండి ఇంజన్‌ను రెండేళ్ళ కిందట వేరే ఊళ్ళో దించి బోరింగ్ చేయించారు. దించేటప్పుడు వాక్యూమ్ పైపులు ఊడదీశారు. ఎక్కించేటప్పుడు ఎటు వీలైతే అటు తగిలించారు. మిగిలిపోయినవాటిని మూసేశారు. చేసినవాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గుర్తులు పెట్టకుండా విప్పితే నా చేతిలోనైనా అంతే జరిగేది. పాత పైపుల మీద రంగు గీతలుంటాయి నిజమే. కానీ 50 ఏళ్ళ వేడికి అన్నీ ఒకే కాఫీ రంగుకు వచ్చాయి. కొన్నిచోట్ల అసలు పైపు తీసేసి సైకిల్ వాల్వ్ ట్యూబు, సెలైన్ పైపు వేశారు.

ముందు ఫోన్‌తో ఫోటోలు తీశాం. తర్వాత గ్లోవ్ బాక్స్ ఊడదీసి, మా కుర్రాడు సీటు కింద వీపు ఆనించి పడుకుని, టార్చి నోట్లో పెట్టుకుని ఒక్కో పైపుకూ మాస్కింగ్ టేపు చుట్టి నంబరు రాశాడు. ఏ పైపునూ నంబరు రాయకుండా విప్పొద్దని చెప్పాను. ఒకటి విప్పాడు. దాని కోసం అరగంట పోయింది.

మొదట దొరికింది ఏసీ లైను ఎక్కడి నుంచి మొదలవుతోందన్నది. కార్బురేటర్ వెనక మానిఫోల్డ్‌లో పైపు తగిలించడానికి దానికంటూ ఉన్న ముక్కును స్క్రూ పెట్టి మూసేశారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు వెళ్ళే పైపులో టీ, అంటే మూడు దారుల జాయింటు, వేసి, దాని నుంచి సెలైన్ పైపుతో ఏసీకి లాగారు. ఈ గేర్‌బాక్స్‌కు వాక్యూమ్ మాడ్యులేటర్ ఉంటుంది. ఇంజన్ మీద ఎంత భారం ఉందో అది వాక్యూమ్‌ను బట్టే తెలుసుకుంటుంది. వాక్యూమ్ తక్కువైతే బండి ఎత్తు ఎక్కుతోందనుకుని గేరు ఆలస్యంగా, గట్టిగా మారుస్తుంది. డ్యాష్ లోపల లీకైన ప్రతిసారీ గేర్‌బాక్స్ చదును రోడ్డు మీద కూడా ఘాట్ ఎక్కుతున్నట్టే నడుచుకుంది. ఆ దబ్‌మనే చప్పుడు వెనక కథ ఇది. గేర్‌బాక్స్ విప్పి ఉంటే లోపల ఏమీ దొరికేది కాదు, బిల్లు మాత్రం మిగిలేది.

మాడ్యులేటర్ పైపు లోపల ఇయర్‌బడ్ దూర్చి తీశాను. పొడిగా వచ్చింది. ఎర్రటి గేర్ ఆయిల్ అంటుకుని ఉంటే దాని డయాఫ్రం చినిగినట్టే. అప్పుడు ఇంజన్ ఆ నూనెను పీల్చుకుని తెల్ల పొగ వదులుతుంది, ఈ టీ దారిన ఏసీ డబ్బీల్లోకి కూడా చేరి రబ్బరును ఉబ్బించేస్తుంది. అంతవరకూ రాలేదు, అదృష్టం.

సెలైన్ పైపు గురించి ఒక మాట. చవక, దొరుకుతుంది, లోపల ఏముందో కనబడుతుంది, అందుకే మనవాళ్ళకు ఇష్టం. చల్లగా ఉన్నప్పుడు లీకు టెస్టులో పాసవుతుంది కూడా. ఇంజన్ వేడెక్కాక మెత్తబడి, లాగుడుకు లోపలికి ముడుచుకుని అతుక్కుంటుంది. నేను ఇంజన్‌ను ఇరవై నిమిషాలు నడిపి చూస్తే ఎగ్జాస్ట్ పక్కగా పోయే చోట పైపు ఎండిన చిక్కుడుకాయలా చప్పిడిగా అయిపోయింది. సైకిల్ వాల్వ్ ట్యూబుదీ అదే వరస, అది ఇంకా పలచన. వాక్యూమ్ పైపుకు మందమైన గోడ ఉండాలి. డీజిల్ బండ్లలో పొగను కొంత తిరిగి ఇంజన్‌కు పంపే ఈజీఆర్‌కు వాడే వాక్యూమ్ పైపు మన తిరుపతి స్పేర్ పార్ట్స్ అంగళ్ళలోనే మీటర్ లెక్కన దొరుకుతుంది. అదే వేశాం.

వన్‌వే వాల్వ్ లేదు. ట్యాంకు ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు, తుప్పు గుర్తు. అంతే.

ఆరు ముక్కులు, ఒక అట్టముక్క

అసలు పని ఇక్కడే. లీవర్ వెనక గుండ్రటి స్విచ్ ఒకటి ఉంటుంది. దానికి ఆరు ముక్కులు, ఆ ఆరింటికీ కలిపి ఒకే రబ్బరు దిమ్మ. తిరగేసి పెట్టకుండా దిమ్మకు చిన్న గాడి ఉండేది, అది విరిగిపోయింది. ఎలా పెట్టినా ఎక్కుతుంది. పెట్టినవాళ్ళు ఎలా పెట్టారో ఎవరికి తెలుసు? కాబట్టి ఉన్నది నమ్మకుండా మొదటి నుంచి కనుక్కోవాలి.

దిమ్మ పీకేశాను. చేతి వాక్యూమ్ పంపును స్విచ్‌కు పెట్టి ఒక్కో ముక్కు నుంచి లాగి చూసి, లాగుడు లోపలికి వచ్చే ముక్కు ఏదో కనుక్కున్నాం. అదే మూలం, దాన్ని 1 అనుకున్నాం. తర్వాత పంపును 1కి తగిలించి, మిగతా అయిదింటికీ వేలు అడ్డుపెట్టి, మా కుర్రాడిచేత లీవర్ ఒక్కో మెట్టూ జరిపించాను. వేలు అతుక్కుంటే లాగుడు వచ్చినట్టు. కంప్రెసర్ అట్టపెట్టె చింపి దాని మీద గడులు గీశాం.

2, 5 నంబర్లకు మాక్స్ ఏసీలో, అంటే బయటి గాలి బదులు లోపలి గాలినే తిప్పి చల్లబరిచే మెట్టులో, మాత్రమే లాగుడు. 3కి మాక్స్ ఏసీ, మామూలు ఏసీ, వెంట్, ఈ మూడింటిలో. 4కి గాలిని అద్దానికి పంపే డీఫ్రాస్ట్ తప్ప అన్ని చోట్లా. 6కి ఎక్కడా లేదు.

ఇక డబ్బీల వైపు. ఇంజన్ ఆపేసి, ఒక్కో డబ్బీకి నేరుగా పంపు పెట్టి 20 అంగుళాలు లాగి నిమిషం పట్టుకున్నాం. అద్దం ఫ్లాపు డబ్బీ కదలకుండా 20 మీదే నిలిచింది. మొహం ఫ్లాపుదీ అంతే. లోపలి గాలి తిప్పే ఫ్లాపు డబ్బీకి మాత్రం ఎంత పంపు కొట్టినా ముల్లు లేవలేదు, రబ్బరు చినిగింది. నాలుగోది డబ్బీ కాదు, హీటర్‌కు వేడినీళ్ళు పంపే వాల్వ్. దాని పైపు ఎక్కడా తగలకుండా గాల్లో వేలాడుతూ ఉంది. దీనికి లాగుడు అందితే మూసుకుంటుంది, లేకపోతే తెరుచుకునే ఉంటుంది. అంటే ఏసీ నడిచినంతసేపూ పక్కనే 90 డిగ్రీల నీళ్ళు తిరుగుతున్నాయి. కాళ్ళ దగ్గరి వేడి అక్కడిదే. ఒక పక్క కుంపటి పెట్టుకుని ఇంకో పక్క విసనకర్ర ఊపుకున్నట్టు.

రెండు వైపులా తెలిశాక జత కలపడం కష్టం కాదు. డీఫ్రాస్ట్‌లో తప్ప అన్నింటా లాగుడు కావాల్సింది అద్దం ఫ్లాపుకే, దాన్ని మూసి ఉంచడానికి. కాబట్టి 4. ఏసీలోనూ వెంట్‌లోనూ మొహానికి గాలి రావాలి, అందుకు 3. మాక్స్ ఏసీలోనే పనిచేయాల్సినవి రెండు, లోపలి గాలి ఫ్లాపు, నీళ్ళ వాల్వ్. 2, 5ల్లో ఏది దేనికన్నది కుర్రాడికి పెద్ద టెన్షన్ అయిపోయింది. రెండింటికీ లాగుడు ఒకేసారి వస్తోంది, ఒకేసారి పోతోంది, అటూ ఇటూ అయినా నష్టమేముందని అడిగితే కాసేపు ఆలోచించి తనే నవ్వాడు.

మిగిలింది 6. లాగుడు ఎక్కడా రాని ముక్కు ఎందుకు? దిమ్మలో ఆ రంధ్రంలో పొట్టి స్క్రూ ఒకటి బిగించి ఉంది. ముందు నేనూ అది వాడని ముక్కు, మూసి ఉంచారు అనే అనుకున్నాను. స్క్రూ తీసి స్విచ్‌ను ఇంకోసారి పరీక్షించాను. ఈసారి 3లో లాగుడు నింపి లీవర్‌ను హీటర్‌కు జరిపితే 6లోంచి 'ఉస్' మని గాలి లోపలికి దూసుకొచ్చింది. అది గాలి వదిలే ముక్కు. లీవర్ మారినప్పుడు డబ్బీలో మిగిలిన లాగుడు పోవాలంటే బయటి గాలి ఎక్కడి నుంచో రావాలిగా. ఆ ముక్కును మూసేశారు. అందుకే లీవర్ జరిపినా పాత లాగుడు డబ్బీలోనే చిక్కుకుని, సందుల్లోంచి కారిపోయేదాకా ఫ్లాపు కదలలేదు. రెండు మూడు నిమిషాల ఆలస్యానికి లెక్క దొరికింది.

లీకు వెతికే మనిషికి ప్రతి ఖాళీ రంధ్రం లీకులాగే కనబడుతుంది. స్క్రూ పెట్టిన ఆయనను అర్థం చేసుకోగలను. దానికి చిన్న స్పాంజి ముక్క అడ్డుపెట్టాం, దుమ్ము పోకుండా. గాలి మాత్రం ఆడాలి.

ట్యాంకు, వాల్వ్, నేను చేసిన తప్పు

ట్యాంకు కోసం తిరగలేదు. ఏసీ షెడ్డులో పనికిరాని డ్రయ్యర్లు, అంటే గ్యాస్‌లోని తేమ పీల్చే డబ్బాలు, గుట్టగా పడుంటాయి. గ్యాస్ ఒత్తిడికి తట్టుకునేలా చేసిన డబ్బాలవి, వాక్యూమ్‌కు చప్పిడి కావు. ప్లాస్టిక్ సీసా అయితే మొదటి లాగుడుకే ముడుచుకుపోయేది. ఒక డ్రయ్యర్ కోసి లోపలి తేమ పీల్చే గుండ్లన్నీ దులిపేశాం. ఒక్క గుండు స్విచ్‌లోకి పోయినా పని మళ్ళీ మొదటికి వస్తుంది. కంప్రెసర్ నూనె జిడ్డును కడిగి ఆరబెట్టి, వెల్డింగ్ చేసి, ఒక ముక్కు మూసి రెండోదానికి పైపు తగిలించాం. ఒకటి చాల్లేదు. నిండుగా ఉన్నప్పుడు లీవర్‌ను రెండుసార్లు మార్చేసరికి లాగుడు అయిపోయింది. రెండు డ్రయ్యర్లు కలిపితే నాలుగు మార్పులకు వచ్చింది. ఘాట్ రోడ్డు మీద ఎవరూ అన్నిసార్లు మార్చరు.

వాల్వ్ దగ్గర నేను తొందరపడ్డాను. చేపల తొట్టి మోటారుకు వేసే చిన్న వన్‌వే వాల్వ్ ఇంట్లో ఉంటే తెచ్చి వేశాను. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంజన్ మీద గంట నడిచాక, పెట్రోలు ఆవిరికీ వేడికీ లోపలి రబ్బరు పొర ఉబ్బి అతుక్కుపోయింది. రెండో రోజు సాయంత్రం చూస్తే గాలి ఏ లీవర్‌కీ మారలేదు. పాత బండ్ల విడిభాగాలు దొరికే చెన్నై పుదుపేటకు వెళ్ళి పాత ఇంపోర్టెడ్ బండి నుంచి తీసిన అసలు వాక్యూమ్ వాల్వ్ తెచ్చాను. అదే అంగట్లో చినిగిన డబ్బీకి బదులు కడ్డీ దాదాపు అంతే కదిలే డబ్బీ ఇంకొకటి దొరికింది. బిగించే పట్టీకి కొత్త రంధ్రాలు వేయాల్సి వచ్చింది. కుర్రాడు వాల్వ్‌ను ఒకసారి తిరగేసి బిగించాడు, వెంటనే తెలిసిపోయింది, ఏ డబ్బీ కదలలేదు. ఇంజన్ వైపు నోటితో పీలిస్తే గాలి రావాలి, ఊదితే పోకూడదు. గుర్తు చెరిగిన వాల్వ్‌కు అంతకన్నా పరీక్ష లేదు.

పైపుల దారి కూడా మార్చాం. గేర్‌బాక్స్ మాడ్యులేటర్‌కు దాని పైపు దానికే, మధ్యలో టీ లేకుండా. ఏసీకి మానిఫోల్డ్‌లో దాని సొంత ముక్కు, తర్వాత వాల్వ్, ట్యాంకు, ఆపై స్విచ్. వాక్యూమ్‌తోనే బ్రేకును తేలిక చేసే బ్రేక్ బూస్టర్ లైనును అస్సలు ముట్టుకోలేదు, దాని వన్‌వే వాల్వ్ మాత్రం తీసి ఊది చూశాను. కొందరు దగ్గరగా ఉందని ఏసీకి బూస్టర్ పైపులోంచి టీ తీస్తారు. ఇంత బరువు బండి ఘాట్ దిగేటప్పుడు డ్యాష్‌లో ఒక పైపు ఊడితే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. నా షెడ్డులో ఆ టీ పడదు.

లీకులు మూశాక ఇంజన్ ఐడిల్ పడిపోయి పెట్రోలు వాసన కొట్టింది. ఊహించిందే. లీకును కప్పిపుచ్చడానికి ఎవరో కార్బురేటర్‌లో పెట్రోలు పెంచి ఉంచారు. వాక్యూమ్ గేజీ చూస్తూ పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేసే రెండు మిక్చర్ స్క్రూలనూ కొంచెం కొంచెంగా తిప్పి, ముల్లు అన్నిటికన్నా పైన నిలిచిన చోట ఆపాను. 18.5, వణుకు లేదు.

పరీక్ష

లోపలి గాలి ఫ్లాపు నిజంగా తిరిగిందో లేదో వినికిడిని బట్టి చెప్పడం కష్టం. అగరుబత్తి వెలిగించి డ్యాష్ కింద గాలి పీల్చే జాలీ దగ్గర పెట్టాను. మామూలు ఏసీలో పొగ నిటారుగా పైకి పోయింది. మాక్స్‌కు జరపగానే పొగ వంగి జాలీలోకి దూరింది. ఇది కారు లోపల మాత్రమే చేయాలి. బానెట్ తెరిచిన చోట, కార్బురేటర్ పక్కన నిప్పుతో లీకు వెతకొద్దు. అక్కడికి చేతి పంపే సరైనది.

మధ్యాహ్నం రెండింటికి, నీడలో 40 డిగ్రీలు. మొహం దగ్గరి గాలి మొదట 21 డిగ్రీలుండేది, ఇప్పుడు పది నిమిషాలకు 9కి దిగింది. గ్యాస్ ఒక్క గ్రాము కూడా వేయలేదు.

ఘాట్ పరీక్షకు ఈసారి మొగిలిదాకా పోలేదు. చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్ మాకు దగ్గర. మలుపులు ప్రమాదకరం కాబట్టి తెల్లారి ట్రాఫిక్ లేనప్పుడు వెళ్ళాం. రెండు గేజీలు పెట్టాను, ఒకటి మానిఫోల్డ్‌కు, ఒకటి ట్యాంకుకు. ఎక్కేటప్పుడు మొదటిది 4కి పడింది, రెండోది 18 మీద నిలబడి ఉంది. గాలి మొహానికే. గేర్లు కూడా దబ్‌మనలేదు. కుర్రాడు రెండు ముళ్ళనూ ఫోన్‌లో వీడియో తీశాడు, ఇప్పుడు షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ అదే చూపిస్తున్నాడు.

ఒకటి మిగిలిపోయింది. బండిని రాత్రి వదిలేస్తే పొద్దుటికి ట్యాంకులో లాగుడు 18 నుంచి 11కి దిగుతోంది. డబ్బీలు, పైపులు, ట్యాంకు విడివిడిగా పట్టుకుంటున్నాయి. కారుతున్నది స్విచ్ లోపలి అరిగిన ముఖం నుంచి. విప్పితే తిరిగి కూర్చుంటుందన్న ధైర్యం నాకు లేదు, బదులు స్విచ్ పుదుపేటలో దొరకలేదు. స్టార్ట్ చేసిన అర నిమిషంలో ట్యాంకు నిండిపోతుంది కాబట్టి వాడకానికి ఇబ్బంది లేదు. ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను.

జూన్‌లో బెంగళూరులో పెళ్ళికి పోతూ పలమనేరు దాటాక ఫోన్ చేశారు. "తమ్ముడూ, గాలి మొగానికే. మా ఇంటామె శాలువా కప్పుకున్యాది." ఆ తర్వాత బోరింగ్ చేసిన చోటికి మళ్ళీ తీసుకెళ్ళాలా అని అడిగారు. ఎక్కడికి తీసుకెళ్ళినా గ్లోవ్ బాక్స్ మూత లోపల చూడమని చెప్పండి అన్నాను. ఆ కంప్రెసర్ అట్టముక్కను లామినేషన్ చేయించి అక్కడ అంటించాం. ఏ ముక్కు నుంచి ఏ పైపు దేనికి పోతుందో తెలుగులో రాసి ఉంది. ఆరో గడి పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో కుర్రాడు రాసింది: "దీన్ని మూయొద్దు."